రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటున్నాము?



షుగర్, బి.పి. చూపించుకోవడానికి ఓ.పి.కి వచ్చిన వారిని మేము కొన్ని ప్రశ్నలు అడుగుతాము. ఏమి తింటున్నారు? మాత్రలు వేళకు వేసుకుంటున్నారా? నిద్ర బాగా పడుతున్నదా? ఈ ప్రశ్నలకు చాలామంది తడుముకోకుండా జవాబు చెప్తారు. "రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు?" అని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. కూర్చోవడానికి కూడా లెక్క ఉంటుందా అన్నట్టు చూస్తారు.

ఉంటుంది. ఆ లెక్క తీయడానికి ఇప్పుడు అగ్గిపెట్టె కంటే చిన్న యంత్రాలు కూడా వచ్చాయి. ఆఫీసులలో, బ్యాంకులలో, కంప్యూటర్ల ముందు పనిచేసేవారు రోజులో ఎంతసేపు కూర్చుంటున్నారో, ఎన్నిసార్లు లేస్తున్నారో అవి నిమిషాలతో సహా చెప్తాయి. మన ఇళ్ళలో ఇప్పుడు చాలామంది పిల్లలు అలాంటి ఉద్యోగాలలోనే ఉన్నారు. అందుకే ఈ సంచికలో ఆ యంత్రాల గురించి, అవి చెప్పే లెక్క మనకు ఎలా ఉపయోగపడుతుందో వ్రాస్తున్నాము.

లండన్ బస్సులో మొదలైన లెక్క

కూర్చోవడానికి, గుండె జబ్బుకు సంబంధం ఉండవచ్చని మొదట గట్టిగా చూపించినవారు ఇంగ్లండుకు చెందిన డాక్టర్ జెర్రీ మోరిస్. ఆయన, ఆయనతో పనిచేసిన వారు కలిసి 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ పరిశోధనను ప్రకటించారు. వారు లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి. డ్రైవర్ డ్యూటీలో ఎక్కువ భాగం సీటులోనే కూర్చుంటాడు. కండక్టర్ టికెట్లు ఇస్తూ రోజంతా మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటాడు. లెక్క తీస్తే కండక్టర్లలో గుండె జబ్బు డ్రైవర్ల కంటే తక్కువగా కనబడింది. తపాలా శాఖలోనూ అంతే. తిరిగి ఉత్తరాలు పంచే పోస్టుమన్‌ల కంటే కూర్చొని పనిచేసే గుమాస్తాలలో, టెలిఫోన్ ఆపరేటర్లలో గుండె జబ్బు ఎక్కువగా ఉంది.

డ్రైవరుకు, కండక్టరుకు మధ్య కూర్చోవడం ఒక్కటే తేడా కాదు గదా అని మీరు అడగవచ్చు. నిజమే. ఆ తరువాత మోరిస్ గారి బృందమే ఇద్దరికీ ఇచ్చే యూనిఫారం కొలతలు పరిశీలించి, డ్రైవర్ల నడుము చుట్టుకొలత మొదటి నుండే ఎక్కువ అని గుర్తించింది. అయినా ఆ లెక్క వలన ఒక ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న ఇప్పటికీ పరిశోధకులను నడిపిస్తూనే ఉంది.

ఏ ఆసుపత్రిలోనైనా ఇదే తేడాను మీరు కళ్ళారా చూడవచ్చు. వార్డు సిస్టర్ ఎనిమిది గంటల డ్యూటీలో మంచం నుండి మంచానికి తిరుగుతూ ఉంటుంది. అదే కప్పు క్రింద బిల్లింగ్ కౌంటరులో, రికార్డు సెక్షనులో ఉన్నవారు అంతసేపూ కుర్చీలోనే ఉంటారు. ఇద్దరూ సాయంత్రానికి అలసిపోయే ఇంటికి వెళ్తారు. ఇద్దరి శరీరాలు చేసిన పని మాత్రం ఒకటి కాదు.

కూర్చుంటే శరీరంలో ఏమి జరుగుతుంది?

మన శరీరంలో పెద్ద కండరాలు తొడలలో, పిరుదులలో ఉన్నాయి. నిలబడినా, నడిచినా అవి పనిచేస్తాయి. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తీసుకొని ఖర్చు చేస్తుంది. పిక్కల కండరాలు నొక్కుకొన్నప్పుడల్లా కాళ్ళలోని రక్తం పైకి, గుండె వైపుకు వెళ్తుంది. కుర్చీలో కూర్చోగానే ఈ రెండు పనులూ బాగా తగ్గిపోతాయి. అందుకే ఆపరేషన్ అయిన రోగిని డాక్టరుగారు అనుమతించిన వెంటనే మేము లేపి నడిపిస్తాము. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలని మా ఆతురత.

2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీనిని చక్కగా పరీక్షించారు. 45 నుండి 65 సంవత్సరాల వయస్సు ఉండి, బరువు ఎక్కువగా ఉన్న 19 మందికి తియ్యని పానీయం ఇచ్చి ఒక రోజు 5 గంటలపాటు కదలకుండా కూర్చోబెట్టారు. ఇంకొక రోజు అదే పానీయం ఇచ్చి, ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 2 నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. నడిచిన రోజున రక్తంలో చక్కెర పెరుగుదల దాదాపు నాలుగవ వంతు తగ్గింది. వారు చేసినది పెద్ద వ్యాయామమేమీ కాదు. లేచారు, రెండు నిమిషాలు నడిచారు, మళ్ళీ కూర్చున్నారు. అంతే.

మన నోటి లెక్క ఎందుకు తప్పుతుంది?

"నేను ఎక్కువ కూర్చోనండీ, రోజుకు ఆరేడు గంటలు" అని ఒకరు చెప్పారనుకోండి. వారు అబద్ధం చెప్పడం లేదు. లేచిన క్షణం మనకు గుర్తుంటుంది గాని కూర్చున్న గంట గుర్తుండదు. ఆఫీసులో కూర్చున్నది లెక్కలోకి వస్తుంది. బస్సులో, స్కూటరు మీద, భోజనం దగ్గర, టి.వి. ముందు, ఫోను చూస్తూ కూర్చున్నది లెక్కలోకి రాదు.

పరిశోధకులు మనుషులు చెప్పిన లెక్కను, యంత్రం తీసిన లెక్కను ప్రక్క ప్రక్కన పెట్టి చూశారు. అలాంటి పరిశోధనలు చాలావాటిని కలిపి 2020లో ఒక సమీక్ష వచ్చింది. మొత్తం మీద చూస్తే మనుషులు తాము కూర్చొనే సమయాన్ని రోజుకు సుమారు గంటా ముప్పావు తక్కువ చేసి చెప్తున్నారని అందులో తేలింది.

నర్సింగ్‌లో మాకు మొదటి సంవత్సరం నుండే నేర్పించే పాఠం ఒకటి ఉంది. రోగికి జ్వరం ఉన్నదా లేదా అన్నది చెయ్యి పెట్టి చూసి చెప్పకూడదు, థర్మామీటరు పెట్టి చార్టులో వ్రాయాలి. ఎన్ని నీళ్ళు త్రాగారు, ఎంత మూత్రం పోశారు అన్నది అంచనాగా చెప్పకూడదు, కొలిచి వ్రాయాలి. మా వృత్తికి దారి చూపిన ఫ్లారెన్స్ నైటింగేల్ అమ్మగారు కూడా దీపం పట్టుకొని తిరగడంతో సరిపెట్టలేదు. 1854 నుండి 1856 వరకు క్రిమియా యుద్ధ సమయంలో సేవచేసి, తరువాత మరణాల లెక్కలు బొమ్మలుగా వేసి చూపించారు. గాయాల కంటే, ఆపగలిగిన రోగాల వలననే సైనికులు ఎక్కువగా చనిపోయారని ఆ లెక్కే లోకానికి చెప్పింది. కొలిస్తేనే కనబడేవి కొన్ని ఉన్నాయి. కూర్చోవడం కూడా అలాంటిదే.

యంత్రాలలో రకాలు

అన్ని యంత్రాలూ ఒకే లెక్క చెప్పవు. దేనిని ఎక్కడ పెట్టుకుంటామో దానిని బట్టి అది చెప్పే సంగతి మారుతుంది. ఇది తెలియక కొందరు ఖరీదైన గడియారం కొని, అది చెప్పిందంతా వేదవాక్కు అనుకుంటున్నారు. అందుకే కొంచెం వివరంగా చెప్తాము.

అడుగులు లెక్కించేది: 1965లో జపానులో మన్పోకెయ్ అనే పేరుతో ఒక చిన్న యంత్రం అమ్మకానికి వచ్చింది. ఆ మాటకు పదివేల అడుగుల మీటరు అని అర్థం. ఈనాడు అందరూ చెప్పుకొనే పదివేల అడుగుల మాట బాగా వ్యాపించింది అక్కడి నుండే. ఇది నడకను లెక్కిస్తుంది, కూర్చోవడాన్ని లెక్కించదు. ఉదయం గంటసేపు నడిచి తరువాత పది గంటలు కుర్చీలో కూర్చున్నా ఇది మంచి అంకెనే చూపిస్తుంది. ఫోనులో వచ్చే అడుగుల లెక్క కూడా ఇలాంటిదే. పైగా ఫోను బల్ల మీద పెట్టి మీరు తిరిగితే అది ఏమీ లెక్కించదు. చీరకు జేబు ఉండదు, ఫోను హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. కనుక మన స్త్రీలకు ఫోను చూపించే లెక్క తరచుగా తక్కువగానే ఉంటుంది.

నడుముకు కట్టుకొనేది: బెల్టుతో నడుముకు పెట్టుకొనే యంత్రం శరీరం ఎంత కదిలిందో నిమిషం నిమిషం నమోదు చేస్తుంది. కదలిక బాగా తక్కువైతే కూర్చున్నారని లెక్క వేస్తారు. దీనిని చాలా పరిశోధనలలో వాడారు. అయితే కదలకుండా నిలబడిన మనిషి కూడా దీనికి కూర్చున్నట్టే కనబడవచ్చు.

చేతికి పెట్టుకొనేది: ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా వాడుతున్నవి ఇవే. 2015లో వచ్చిన ఆపిల్ వాచ్, రోజులో 12 గంటలలో ప్రతి గంటలో కనీసం ఒక నిమిషమైనా లేచి కదలమని లక్ష్యం పెడుతుంది. ఫిట్‌బిట్ గంటకు 250 అడుగులు వేయమని గుర్తుచేసే పద్ధతి తెచ్చింది. గుర్తుచేయడానికి ఇవి మంచివే. కాని ఇవి చూసేది చేతి కదలికను. మీ నడుము కుర్చీలో ఉందో లేదో వాటికి నేరుగా తెలియదు. కూర్చొని చేతులు ఊపుతూ మాట్లాడేవారి లెక్క తప్పవచ్చు. నిలబడి స్థిరంగా పనిచేసేవారి లెక్కా తప్పవచ్చు.

తొడకు అంటించేది: కూర్చొనే సమయం కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా నమ్మేది దీనినే. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో తయారయ్యే యాక్టివ్‌పాల్ అనే యంత్రం ఇందులో పేరుపొందింది. దీనిని తొడ ముందు భాగాన డ్రెస్సింగు వేసినట్టు అంటిస్తారు. నీళ్ళు తగలకుండా చుట్టి పెడతారు కనుక స్నానం చేసినా తీయనక్కరలేదు. సాధారణంగా వారం రోజులు, రాత్రి పగలు ఉంచుతారు. ఇది పనిచేసే విధానం తేలిక. గోడ నిలువుగా లేచిందో లేదో చూడటానికి తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు గదా. అలాగే ఈ యంత్రంలోని చిన్న చిప్ భూమి ఎటు వైపు ఉన్నదో గుర్తిస్తుంది. నిలబడితే తొడ నిలువుగా ఉంటుంది. కూర్చుంటే తొడ అడ్డంగా అవుతుంది. ఆ తేడాను బట్టి ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు లేచారో, ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపు కూర్చున్నారో అది వ్రాసిపెడుతుంది.

దీనికీ కొన్ని హద్దులున్నాయి. పడుకున్నా తొడ అడ్డంగానే ఉంటుంది. అందుకే ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో ఒక కాగితం మీద వ్రాసుకోమంటారు. మోకాళ్ళ మీద నిటారుగా ఉండి ప్రార్థన చేసినప్పుడు తొడ నిలువుగానే ఉంటుంది గనుక అది నిలబడినట్టు లెక్కపెట్టవచ్చు. యంత్రం తొడను చూస్తుంది గాని మనస్సును చూడదు.

కుర్చీలో వేసుకొనేది: కూర్చొనే దిండులోనే బరువు గుర్తించే ఏర్పాటు పెట్టి తయారుచేసినవి ఉన్నాయి. ఎంతసేపు కూర్చున్నారో అది ఫోనుకు చెప్తుంది. చాలాసేపు లేవకపోతే సన్నగా అదిరి గుర్తుచేస్తుంది. ఇది ఆ కుర్చీ సంగతి మాత్రమే చెప్పగలదు. ఇంటికి వెళ్ళాక సోఫాలో కూర్చున్న లెక్క దానికి తెలియదు.

ఒక ఆసుపత్రి ఉద్యోగుల అనుభవం

ఈ యంత్రాలు నిజంగా మనిషిని లేపగలవా? దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో ఉంది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో కుర్చీలో కూర్చొని పనిచేసే ఆఫీసు ఉద్యోగుల మీద జరిగిన పరిశోధన 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 37 ఆఫీసు బృందాల నుండి 146 మంది పాల్గొన్నారు. బృందాలను చీట్లు వేసినట్టుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగం వారు ఎప్పటిలాగే పనిచేసుకున్నారు. రెండవ భాగం వారికి నాలుగు సహాయాలు ఇచ్చారు. ఎక్కువసేపు కూర్చుంటే వచ్చే నష్టాల గురించి చిన్న పాఠం చెప్పారు. పైకి క్రిందికి జరుపుకొని, నిలబడి కూడా పనిచేసుకోగల బల్ల ఇచ్చారు. ఇంతకుముందు చెప్పిన అదిరే దిండు ఇచ్చారు. మధ్య మధ్య ఒకరు వచ్చి "ఎలా సాగుతున్నది?" అని అడిగి ధైర్యం చెప్పేవారు.

అందరి తొడలకూ యంత్రం అంటించి లెక్క తీశారు. సహాయం పొందినవారు పనిదినాలలో డ్యూటీ వేళ కూర్చొనే సమయం, రెండవ వారితో పోలిస్తే 3 నెలలకు సుమారు 50 నిమిషాలు, 6 నెలలకు సుమారు 64 నిమిషాలు, 12 నెలలకు సుమారు 83 నిమిషాలు తక్కువగా ఉంది. మామూలుగా ఏ మంచి అలవాటైనా మొదటి నెలలో గట్టిగా ఉండి తరువాత జారిపోతుంది. ఇక్కడ నెలలు గడిచేకొద్దీ బలపడింది. పనిలో అలసట, దిగులు కూడా కొంత తగ్గినట్టు వారు చెప్పారు.

అదే పరిశోధకులు తరువాత లెస్టర్, మాంచెస్టర్, లివర్‌పూల్ ప్రాంతాల మునిసిపల్ కౌన్సిళ్ళలో పనిచేసే 756 మందితో ఇంకొక పరిశోధన చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఈసారి ఒక బృందానికి బల్ల ఇవ్వలేదు. పాఠం, గుర్తుచేసే సాధనాలు, ప్రోత్సాహం మాత్రమే ఇచ్చారు. సంవత్సరానికి వారు రోజుకు సుమారు 22 నిమిషాలు తక్కువ కూర్చున్నారు. బల్ల కూడా ఇచ్చినవారు సుమారు 64 నిమిషాలు తక్కువ కూర్చున్నారు.

దీని నుండి మేము గ్రహించినది ఇది. లెక్క తెలియడం మంచిదే. గుర్తుచేసే గంట మంచిదే. కాని లేచి నిలబడినప్పుడు పని సాగే వీలు కూడా ఉండాలి. ప్రక్కన ఒక మనిషి తోడు ఉండాలి. మాత్ర వ్రాసి ఇవ్వడం ఒక్కటే వైద్యం కాదు, వేసుకొన్నారా అని అడిగేవారు కూడా ఉండాలని మనకు తెలిసినదే గదా.

మన పిల్లల సంగతి

ఇంగ్లండు సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన దేశంలో షుగర్ ఉన్నవారు 2021 నాటికి 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే చెప్పింది. హైదరాబాదులోని ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏ.ఐ.జి. ఆసుపత్రి పరిశోధకులు 2025లో ఒక నివేదిక ప్రకటించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కూర్చోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. వేళ తప్పిన తిండి, చాలని నిద్ర, పని ఒత్తిడి కూడా కలిసి ఉంటాయి. అయినా రోజంతా కుర్చీకి అతుక్కొని ఉండటం అందులో ఒక పెద్ద భాగం.

"అబ్బాయి ఏ.సి. గదిలో కూర్చొని పనిచేస్తాడు, ఎండ తగలదు, కష్టం లేదు" అని తల్లిదండ్రులు సంతోషంగా చెప్తారు. ఆ సంతోషం న్యాయమైనదే. పొలంలో వంగి పనిచేసిన చేతులు బిడ్డను ఆ కుర్చీ దాకా తెచ్చాయి. కాని ఎండ తగలని ఉద్యోగంలో కూడా శరీరానికి ప్రమాదం ఉంటుందని తెలిసి ఉండాలి. బిడ్డ ఫోను చేసినప్పుడు "అన్నం తిన్నావా నాన్నా?" అని అడుగుతారు గదా. దానితోపాటు "ఈ రోజు ఎన్నిసార్లు లేచావు?" అని కూడా అడగండి.

ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 2016 జనవరిలో లండన్‌లోని డైలీ టెలిగ్రాఫ్ పత్రికా కార్యాలయంలో ఉద్యోగులు ఒక ఉదయం పనికి వచ్చేసరికి వారి బల్లల క్రింద చిన్న పెట్టెలు బిగించి ఉన్నాయి. మనిషి వేడిని, కదలికను బట్టి ఆ సీటులో ఎవరైనా ఉన్నారో లేదో అవి గుర్తిస్తాయి. కరెంటు పొదుపు కోసమని యాజమాన్యం చెప్పింది. ఉద్యోగులు, వారి సంఘం ఒప్పుకోలేదు. అదే రోజు వాటిని తీసివేయవలసి వచ్చింది.

లెస్టర్‌లోనూ యంత్రమే, లండన్‌లోనూ యంత్రమే. లెస్టర్‌లో ఉద్యోగిని అడిగి, ఒప్పించి, అతని ఆరోగ్యం కోసం పెట్టారు. లండన్‌లో అడగకుండా పెట్టారు. కూర్చొనే లెక్క ఆరోగ్యపు లెక్క. అది రోగి కేసుషీటు లాంటిది. కేసుషీటును ఎవరికి పడితే వారికి చూపించము. "సీటులో ఎందుకు లేవు?" అని అడగడానికి ఆ లెక్కను వాడితే ఉద్యోగి భయంతో ఇంకా ఎక్కువసేపు కూర్చుంటాడు. మందే విషమవుతుంది. మన సంఘంలో సంస్థలు, స్కూళ్ళు, ఆఫీసులు నడిపే పెద్దలున్నారు. మీ ఉద్యోగులు గంటకు ఒకసారి లేచి రెండు నిమిషాలు నడిస్తే దానిని బద్ధకమని అనుకోవద్దని మా మనవి.

యంత్రం లేకుండా ఒక రోజు లెక్క

తొడకు అంటించే యంత్రం ఇంట్లో ఉండదు. గడియారం కొనాలని కూడా మేము చెప్పడం లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. మామూలు పనిదినం ఒకటి ఎంచుకోండి. ప్రొద్దున లేచినప్పటి నుండి రాత్రి పడుకొనే వరకు ఎక్కడెక్కడ ఎంతసేపు కూర్చున్నారో అప్పటికప్పుడు వ్రాయండి. రాత్రి ఒక్కసారే జ్ఞాపకం తెచ్చుకొని వ్రాస్తే మళ్ళీ పాత పొరపాటే జరుగుతుంది.

ఉదాహరణకు ఒక గుమాస్తాగారి రోజు ఇలా ఉన్నదనుకుందాము. ఉదయం వాక్యం, ప్రార్థన 30 నిమిషాలు. టిఫిన్ 15 నిమిషాలు. బస్సులో 45 నిమిషాలు. మధ్యాహ్నం వరకు ఆఫీసులో 3 గంటలు. భోజనం 30 నిమిషాలు. సాయంత్రం వరకు 3 గంటల 30 నిమిషాలు. తిరిగి బస్సులో 45 నిమిషాలు. టి.వి., ఫోను కలిపి 1 గంట 45 నిమిషాలు. రాత్రి భోజనం 30 నిమిషాలు. కూడితే 11 గంటల 30 నిమిషాలు అయింది. అయిదున్నరకు లేచి రాత్రి పదిన్నరకు పడుకుంటే మెలకువగా ఉన్నది 17 గంటలు. అందులో మూడింట రెండు వంతులు కూర్చోవడమే. ఆఫీసులో కూర్చున్నది ఆరున్నర గంటలే గదా అని ఆయన అనుకుంటూ ఉంటారు.

లేచిన లెక్కకు ఇంకొక తేలిక ఉపాయం ఉంది. ఒక చిన్న డబ్బాలో 20 చింతగింజలు వేసి బల్ల మీద పెట్టుకోండి. కుర్చీలో నుండి లేచినప్పుడల్లా ఒక గింజను తీసి ఇంకొక డబ్బాలో వేయండి. సాయంత్రానికి ఎన్ని గింజలు మారాయో చూడండి. యంత్రాలు కూడా కూర్చున్న మొత్తం సమయంతోపాటు, ఎన్నిసార్లు లేచారన్నదే ముఖ్యంగా చూస్తాయి. పిల్లలకు ఇది ఆటలాగా ఉంటుంది. తాతగారి గింజలు ఎన్ని మారాయో వారే లెక్కపెడతారు.

ఇక లేవడం ఎలా?

1. అరగంటకు ఒకసారి లేవండి. షుగర్ ఉన్నవారు ఎక్కువసేపు కూర్చున్నప్పుడు 30 నిమిషాలకు ఒకసారి లేవడం మంచిదని అమెరికా డయాబెటిస్ సంఘం 2016లో సలహా ఇచ్చింది. ఫోనులో అలారం పెట్టుకోండి.

2. మంచినీళ్ళ సీసాను బల్ల మీద కాకుండా గదికి అవతలి ప్రక్క పెట్టుకోండి. దాహం వేసినప్పుడల్లా లేస్తారు.

3. ఫోను వస్తే లేచి నిలబడి మాట్లాడండి. ప్రక్క గదిలోని వారికి ఫోను చేయడానికి బదులు నడిచి వెళ్ళి చెప్పండి.

4. నిలబడి పనిచేసే బల్ల కొనలేకపోతే, ఎత్తయిన బీరువా మీద గాని కౌంటరు మీద గాని కాగితాలు పెట్టుకొని చదివే పని, సంతకాల పని నిలబడి చేసుకోండి.

5. భోజనం కాగానే కుర్చీకి చేరకండి. పది నిమిషాలు వరండాలో నడవండి.

6. టి.వి.లో ప్రకటనలు వచ్చినప్పుడు కూర్చొని ఛానల్ మార్చకుండా లేచి నాలుగు అడుగులు వేయండి.

7. సంఘ కమిటీ మీటింగులు గంట దాటితే మధ్యలో అందరూ లేచి ఒక పాట పాడండి. ఆరాధనలో పాటకు, వాక్య పఠనానికి లేచి నిలబడే అలవాటు మన పెద్దలు పెట్టినదే.

వీటితోపాటు వ్యాయామం మానకూడదు. పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు చురుకుగా నడవడం లాంటి వ్యాయామం చేయాలనీ, కూర్చొనే సమయం తగ్గించుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఉద్యోగరీత్యా కూర్చోక తప్పనివారికి ఒక మంచి మాట కూడా ఉంది. పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రోజుకు 8 గంటలకు పైగా కూర్చొనేవారైనా, 60 నుండి 75 నిమిషాలు చురుకుగా నడిచేవారిలో ఎక్కువగా కూర్చోవడం వలన పెరిగే మరణ ప్రమాదం దాదాపు కనబడలేదు. కాబట్టి నిరాశపడవద్దు.

కొన్ని జాగ్రత్తలు

కూర్చోవడం చెడ్డదని రోజంతా నిలబడవద్దు. ఎక్కువసేపు కదలకుండా నిలబడితే కాళ్ళ వాపు, నరాలు ఉబ్బడం వస్తాయి. ఇది మా సిస్టర్లకు బాగా తెలుసు. కూర్చోవడం, నిలబడటం, నడవడం మార్చుకుంటూ ఉండాలి. ఇన్సులిన్ గాని, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు నడక పెంచితే, చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తున్నాయేమో గమనించండి. వస్తే వెంటనే చక్కెర నోట్లో వేసుకొని తరువాత డాక్టరుగారికి చెప్పండి. పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవవద్దు. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, క్రొత్తగా ఆపరేషన్ అయినవారు ఎంత నడవాలో ముందుగా అడిగి తెలుసుకోండి. పెద్ద వయస్సువారు కుర్చీలో నుండి గబుక్కున లేవకుండా, ఒక క్షణం ఆగి, పట్టు చూసుకొని లేవండి.

ప్రియులారా, దినములను లెక్కపెట్టడం నేర్పమని 90వ కీర్తనలో మోషే దేవుణ్ణి అడిగాడు. శరీరము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథు సంఘానికి జ్ఞాపకం చేశాడు. ఆలయాన్ని వారానికి ఒకసారి ఊడ్చి మిగిలిన రోజులు వదిలేయము గదా. వచ్చే సోమవారం ఒక కాగితం తీసుకొని మీ ఇంట్లో ఈ లెక్క మొదలుపెట్టండి. ఈసారి చెకప్‌కు వచ్చినప్పుడు ఆ కాగితాన్ని మీ షుగర్ రిపోర్టుతోపాటు తెచ్చి మా సిస్టర్లకు చూపించండి. ఇద్దరమూ కలిసి చూద్దాము.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యముతో కాపాడును గాక.

– నర్సింగ్ విభాగం పక్షాన, నర్సింగ్ సూపరింటెండెంట్